వీక్లీ ఆఫ్

గౌస్ భాయ్ ఫోన్ పట్టుకొని కారు సుట్టూ తిరిగిండు.
ముందు బంపర్ మీద ఒక గీత.
ఎడమ డోర్ కింద రెండు.
"ఇవి పాతయి మేడం, వీడియోల ఉన్నయి.
కొత్తయి వస్తే మీయి."
మూడు వందల కిలోమీటర్లు, ఎనభై దాటొద్దు,
ఎంత పెట్రోలుతోని ఇస్తే అంతతోనే తేవాలె.
ఆధార్ కార్డు ఆయన గల్లాపెట్టెల.

పద్దెనిమిదేండ్ల కింద నేను డ్యూటీ ఎక్కిననాడు
నా మోకాళ్ళకు ఎవరూ వీడియో తియ్యలే.
పాతయి ఏవో, బస్సు చేసినయి ఏవో
ఇప్పుడు నాక్కూడా తెల్వది.

డిపోల టైర్ల కంపెనీ క్యాలెండర్. నవంబర్ బొమ్మ.
నీలం సముద్రంల ఒక దీవి,
తెల్ల గోడల నడుమ మెలికలు పోయే రోడ్డు,
దాని మీద అగ్గిపెట్టంత ఎర్ర కారు.
లోపల ఎవరున్నరో కనబడది.
క్యాష్ కట్టేటప్పుడల్లా దాన్నే చూసిన.
రెండుసార్లు లెక్క తప్పింది.

వనపర్తి దాటంగనే పల్లి చేన్లు.
ఎదురద్దం ఇంత పెద్దగుంటదా!
ఇన్నేండ్లు నేను రోడ్డును
మనుషుల భుజాల సందులకెల్లే చూసిన.
గేరు మార్చినప్పుడల్లా నోరు దానంతటదే
"రైట్ రైట్" అంటున్నది.

పానగల్ కాడ కాలు బ్రేకు మీదికి పోయింది.
చెయ్యెత్తినోళ్ళను ఇడిసిపెట్టి పోవుడు
నాకు రాదు.

ఒక ముసలామె, నెత్తి మీద గంప.
డోర్ గుంజి, ఎక్కి కూసొని,
కొంగుముడి ఇప్పి ఆధార్ కార్డు సాపింది.
"ఇది బస్సు కాదవ్వా."
"మరెందుకు ఆపినవ్?"
పేరడిగితే సవారమ్మ అన్నది.
జీరో టికెటన్నా కొట్టమని,
చెకింగోళ్ళు ఎక్కితే ఎట్లనని,
దారి పొడుగూతా ఒకటే పోరు.
ఆఖరికి ఒట్టి చేత్తోనే సింపి ఇచ్చిన.
ఆమె ఒట్టి చేత్తోనే తీస్కొని
కొంగుల ముడేసింది.

కొల్లాపూర్ మామిడి తోటల కాడ దిగుతా
రెండు సీతాఫలాలు స్టీరింగ్ ముందల పెట్టింది.
"ఆడోళ్ళకు ఫ్రీ కదా అవ్వా."
"బస్సు కాదంటివి గద."

సోమశిల. రోడ్డు నీళ్ళల్లకు దిగి
ఆడికెల్లి మాట్లాడుడు బంద్ చేసింది.
కృష్ణ నిండుగున్నది.
నడుమ, నీళ్ళు కోసిపెట్టిన గుట్ట ఒకటి.
పట్నం పోరగాండ్లు సెల్ఫీలు తీస్కుంట
"అచ్చం గ్రీసు లెక్కున్నదిరా" అంటున్నరు.
పడవాయన్ని అడిగిన, దీవేనా అని.
"ఇప్పుడు దీవి. ఎండకాలం గుట్ట.
మా మ్యాకలు నడుసుకుంటనే పోతయి."

కారాడికి పోదు.
బానెట్ మీద వేడి తగ్గేదాకా ఆనుకొని నిలబడ్డ.
ఒక సీతాఫలం తిన్న.
గింజలు నీళ్ళల్లకు ఉమ్మిన,
ఒక్కటీ దీవిదాకా పోలే.

మళ్ళ రివర్స్ తియ్యాలె.
బస్సు రేకును సప్పుడు చేస్కుంట
"రానీ, రానీ, ఇంకా రానీ" అనేది నేనే ఎప్పుడూ.
అద్దంల చూసిన.
ఎన్క ఎవరూ లేరు.
రానీ, రానీ అని నాకు నేనే సెప్పుకున్న,
ఆప్ అనే మాట ఒక అర సెకను లేటయింది.

గౌస్ భాయ్ టార్చ్ ఏసి ఎతుకుతుండు.
ముందు బంపర్ మీద ఒకటి. ఎడమ డోర్ కింద రెండు.
ఆయన ఎన్కకు రాకముందే
వేలు పెట్టి సూపిచ్చిన.
"ఇది నాది."

మూడు వందలన్నడు. ఐదు వందల నోటిచ్చిన.
చిల్లర లేదని, బిల్లు ఎన్క
రెండు వందలని రాసి సున్న సుట్టిండు.
దిగేటప్పుడు యాది చెయ్యమన్నడు, నవ్వుకుంట.
నేను అప్పటికే దిగిన.